గడువులన్నీ నేనే గుర్తుచేయాలా?

తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. పిల్లలు తెలివైనవాళ్లే, కానీ ప్రాజెక్టు ఇస్తే గడువు ముందు రాత్రి దాకా ముట్టుకోరు. పొమొడోరో పద్ధతి, అంటే 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, క్లాసులో పెట్టి చూశాను. విరామం నుంచి వాళ్లను మళ్లీ పనిలోకి లాగడమే పెద్ద పనైంది!

ప్రాజెక్టును ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక గడువు పెడితే కాస్త కదలిక వచ్చింది. కానీ ప్రతి గడువూ నేనే గుర్తుచేస్తుంటే వాళ్లు నేర్చుకున్నదేంటి? బహుమతుల ఆశ చూపడం నాకు నచ్చదు, అవి ఆపితే ఆసక్తీ ఆగిపోతుంది.

తమ సమయాన్ని తామే ప్లాన్ చేసుకునేలా పిల్లలకు అలవాటు చేసినవాళ్లున్నారా? మొదటి వారం ఏం చేయించారు? వెనకబడ్డవాళ్లను నలుగురిలో చిన్నబుచ్చకుండా ఎలా దారిలో పెట్టారు?