మూడు భాషల పదపట్టిక: ఒక రో మాటకా, అర్థానికా?

ప్రశ్న (పదకోశం పని): తెలుగు–హిందీ–కన్నడ పదపట్టికని స్ప్రెడ్‌షీట్‌లో తయారుచేస్తున్నాం. తెలుగు మాటకో రో (అడ్డువరుస) అనుకుంటే ‘కొట్టు’ దగ్గరే ఆగిపోయాం. తలుపుకి హిందీలో ఖట్‌ఖటానా, టెంకాయకి ఫోడ్‌నా, చెట్టుకి కాట్‌నా. అన్నీ ఒకే గడిలో కామాలు పెట్టి రాస్తే ఏది ఎక్కడ వాడాలో తెలీదు. ‘అత్త’కీ ఇదే తంటా.

నిఘంటుప్రియ: రో మాటకి కాదండీ, అర్థానికి. కొట్టు-1, కొట్టు-2 అని నంబరివ్వండి. ఒక లైను వివరణ, ఒక ఉదాహరణ వాక్యం రాశాకే హిందీ, కన్నడ గడులు నింపండి. ఎక్కడ విడగొట్టాలో తెలియాలంటే రెండు వాడుకల్నీ ఒకే క్రియకి తగిలించి చూడండి. “దొంగనీ కుక్కనీ కొట్టాడు”లో ఇబ్బంది లేదు, అర్థం ఒకటే. “తలుపూ టెంకాయా కొట్టాడు” అంటే నవ్వొస్తుంది, కాబట్టి దేని రో దానికే.

దుకాణం అనే ‘కొట్టు’ని వీటిలో కలపొద్దు, అది వేరే మాట. ‘చెప్పు’ కూడా అంతే. కాలి చెప్పు తమిళంలో సెరుప్పు, నోటితో చెప్పడం సెప్పు. మూలాలు వేరు, తెలుగులో రూపం ఒకటైపోయింది. అనుమానమొస్తే బరో–ఎమెనో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (రెండో కూర్పు, 1984) చూడండి.

చుట్టరికాల విషయంలో ఒక జాగ్రత్త. ‘అత్త’కి హిందీలో మూడు మాటలున్నాయి కదా అని తెలుగు అర్థాన్ని ముక్కలు చెయ్యకండి. నాన్న అక్క లేదా చెల్లెలు, మేనమామ భార్య, పెళ్లయ్యాక వచ్చే అత్తగారు హిందీలో బువా, మామీ, సాస్. మేనరికం ఉన్న చోట ఈ ముగ్గురూ ఒకే వరుస. “మా ఇద్దరత్తలూ వచ్చారు” అంటే వాళ్లలో ఏ ఇద్దరైనా కావచ్చు, పై పరీక్షలో కూడా నెగ్గుతుంది. అందుకని రో ఒకటే ఉంచి, ‘సంబంధం’ అని ఇంకో గడి పెట్టండి. అత్త–బువా: తెలుగు విశాలం. అన్న–భాయీ: తెలుగు ఇరుకు. కన్నడ అత్తె: సమానం. ఈ గడి లేకుండా పట్టికని హిందీ వైపు నుంచి తిరగేస్తే ‘భాయీ’కి అన్న ఒక్కటే మిగిలి తమ్ముడు ఎగిరిపోతాడు.

తత్సమాలు, అంటే సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాటలు కనబడగానే గడి నింపేయకండి, అసలు ప్రమాదం అక్కడే. ‘అవసరం’ మనకి కావలసినది, కన్నడలో తొందర, హిందీలో అవకాశం. హిందీ ఉపన్యాస్ నవల, ఆగ్రహ్ పట్టుబట్టడం, శిక్షా చదువు. శిక్షణ కన్నడలో విద్య, మనకి తర్ఫీదు. నింపాక తెలుగు గడి దాచేసి, పట్టిక చూడని మనిషితో ఉదాహరణ వాక్యపు హిందీ, కన్నడ అనువాదాల్ని తిరిగి తెలుగు చేయించండి. వేరే మాట వచ్చిందా, ఆ రోకి ఎర్రరంగు.

పదకోశం పని: ‘ఈత కొట్టు’, ‘కబుర్లు కొట్టు’?

నిఘంటుప్రియ: వాటిని కొట్టు-9, కొట్టు-10 చెయ్యొద్దు. పదబంధం మొత్తానికీ సొంత రో: ఈత కొట్టు – తైర్‌నా. ‘కొట్టు’ రోలో “ఇవీ చూడండి” అంటే చాలు.