సబ్బులో సుడులు, పొరలు, అచ్చులు: ప్రయత్నించినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంట్లో కోల్డ్ ప్రాసెస్ (పొయ్యి మీద ఉడికించకుండా నూనెల్లో సోడా నీళ్లు కలిపి చేసే) సబ్బులు చేస్తున్నాను. ఇన్నాళ్లూ అన్నీ ఒకే రంగువే. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి వచ్చినవాళ్లకి ఇవ్వడానికి 60 సబ్బులు కావాలి, ఈసారి కాస్త అందంగా చేద్దామని మూడు రంగుల సుడి మొదలుపెట్టాను. కొబ్బరినూనె 300 గ్రాములు, ఆలివ్ 600, ఆముదం 100, కాస్టిక్ సోడా 140, నీళ్లు 280. ఇది నేను ఎప్పుడూ చేసే కొలతే, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. వాసనకి ఈసారి లవంగనూనె 20 గ్రాములు వేశాను. గిన్నెలు మూడుగా పంచి రంగు కలిపేలోపే మొత్తం ఉప్మా ముద్దలా బిగుసుకుపోయింది. చేత్తో అదిమి మోల్డ్‌లో పెట్టాల్సి వచ్చింది. ఫంక్షన్‌కి ఇంకా రెండున్నర నెలలుంది. ఎక్కడ తప్పు జరిగింది? సుడులు, పొరలు, పైన డిజైన్లు చేసినవాళ్లు మీకు ఏది కుదిరిందో, ఏది కుదరలేదో చెప్పండి.

ఆముదంచెట్టు:
గోదారిగట్టు గారూ, మీ కొలతలో తప్పు లేదండీ, ఆలివ్ అంత ఉంటే నిదానంగానే చిక్కబడాలి. కారణం లవంగనూనే. అందులోని యూజినాల్ ట్రేస్‌ని, అంటే నూనెలు, సోడా నీళ్లు కలిసి చిక్కబడడాన్ని, ఒక్కసారిగా పరిగెత్తిస్తుంది. దాల్చినచెక్క నూనెదీ అదే గుణం. మల్లె, లిల్లీ లాంటి పూల సెంట్లు కూడా చాలావరకు ఇంతే. పైగా కిలో నూనెలకి 20 గ్రాముల లవంగనూనె చర్మానికి ఎక్కువ, మంట పెడుతుంది. ఆ బ్యాచ్ ఎవరికీ ఇవ్వకండి.

సుడులకి లావెండర్ గానీ నిమ్మగడ్డి నూనె గానీ వాడండి. రెండూ మాట వింటాయి. నిమ్మగడ్డి తెల్ల సబ్బుని కొద్దిగా పసుపు చేస్తుంది, అంతే. వనిల్లా ఉన్న సెంటైతే సబ్బు పిండి బిగియకపోయినా రెండు మూడు వారాల్లో సబ్బు గోధుమరంగుకి తిరుగుతుంది. నేను తెల్లటి సుడి కోసం పడ్డ కష్టమంతా అలా బెల్లం రంగులో కలిసిపోయింది.

తవుడునూనె:
నాకు తెలిసి సుడి బాగా రావడం రాకపోవడం చెయ్యి తిప్పే నేర్పులో కన్నా సబ్బు పిండి చిక్కదనంలోనే ఉంది. నేను నేర్చుకున్న పద్ధతి వంటింటి లెక్కలో చెప్తాను, ఎందుకంటే లైట్ ట్రేస్, మీడియం ట్రేస్ అని చదివితే నాకు ఏడాది పాటు బుర్రకెక్కలేదు.

గిన్నెలోనే రంగులు పోసి ఒక్క తిప్పు తిప్పి మోల్డ్‌లోకి వంపే సుడికి రవ్వదోసె పిండిలా జారాలి. మోల్డ్‌లో పోశాక తీగ దింపి తిప్పే హ్యాంగర్ సుడికి అట్ల పిండిలా ఉండాలి. పొరలకి మాత్రం కింది పొర గారెల పిండి అయ్యేదాకా ఆగాలి, లేకపోతే పైది దాన్ని చీల్చుకుని అడుక్కి పోతుంది. పైన కేకు మీద క్రీము ఒత్తినట్టు కోనుతో పూలు వేయాలంటే ఇంకా గట్టిగా, గరిటె ఎత్తితే కొన నిలబడేలా ఉండాలి.

హ్యాండ్ బ్లెండర్‌ని నొక్కి పట్టుకోవద్దు. రెండు మూడు సెకన్లు తిప్పి, ఆపి, ఆగి ఉన్న బ్లెండర్‌తోనే గరిటెలా కలపండి. నూనె తెట్టు పైన కనపడకుండా ఒకే రంగులోకి వచ్చిందంటే చాలు, అక్కడితో బ్లెండర్ పక్కన పెట్టేయాలి. మిగతాదంతా చేత్తోనే. రంగులు ముందు రోజు రాత్రే ఒక చెంచా నూనెలో ఉండలు లేకుండా కలిపి గిన్నెల్లో సిద్ధంగా పెట్టుకోండి. అర కిలో నూనెల సబ్బుకి మైకా (మెరిసే రంగు పొడి) ఒక టీస్పూను సరిపోతుంది. పిండి తయారయ్యాక రంగు డబ్బా మూత తీస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది.

ఇంకో మాట. లై (సోడా కలిపిన నీళ్లు), నూనెలు రెండూ వేడిగా ఉంటే తొందరగా చిక్కబడతాయి. సుడుల రోజు నేను రెండూ 35 డిగ్రీల దగ్గరికి దిగేదాకా ఆగుతాను.

సీమపిల్ల:
మాకు ఎండాకాలంలో గదిలోనే 40 దాటుతుంది అన్నా, 35కి దించడం ఎలా? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? మొన్న మేలో పోసిన సబ్బు నడుమ పెద్ద బీట పడింది, పైన చేసిన డిజైనంతా పాడైంది.

తవుడునూనె:
అది జెల్ దశలో, అంటే పోసిన సబ్బు లోలోపల వేడెక్కి జిగురులా మారేటప్పుడు, వేడి ఎక్కువై పగిలిందమ్మా. ఆ రోజుల్లో తువ్వాలు కప్పే పనే లేదు. లై గిన్నెని ఐసు నీళ్ల తొట్టిలో పెట్టి చల్లార్చు. పోశాక మోల్డ్‌ని ఫ్యాను కింద గానీ ఫ్రిజ్‌లో గానీ ఒక రాత్రి ఉంచొచ్చు. ఫ్రిజ్‌లో తినేవేమీ దగ్గర ఉండకూడదు. జెల్ కాకుండా ఆగిపోతే రంగులు కొంచెం లేతగా, పాలపొడి కలిపినట్టు వస్తాయి, అదీ బాగానే ఉంటుంది. సగం జెల్ అయితేనే చిక్కు. కోసినప్పుడు ప్రతి సబ్బు నడిబొడ్డున ఒక ముదురు గుండ్రం కనిపిస్తుంది. అయితే పూర్తిగా కానివ్వాలి, లేదా పూర్తిగా ఆపాలి.

ఎర్రమట్టి:
నేను మైకా వాడను, మొక్కల రంగులతోనే చేస్తాను. వాటి గురించి రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఇక్కడే ఎక్కువ నిరాశపడతారు.

పసుపుకి సున్నం తగిలితే పారాణి అవుతుందని మనందరికీ తెలుసు కదా. సబ్బులో జరిగేదీ అదే. సోడా క్షారం, పసుపు అందులో పడగానే ఎర్రబారుతుంది. చూసి భయపడకండి, సబ్బు ఆరేకొద్దీ ఆ ఎరుపు తగ్గి నారింజ పసుపుకి వస్తుంది. కిటికీ దగ్గర పెడితే మాత్రం వెలిసిపోతుంది. మందారం, బీట్‌రూట్ నీళ్లు పోసి గులాబీ రంగు రావాలని నేను నాలుగు సార్లు చూశాను. నాలుగు సార్లూ బురద రంగే. ఆ రెండూ క్షారానికి నిలవవు.

నిలిచేవి చెప్తాను. మంజిష్ఠ పొడి మంచి గులాబీ ఎరుపు ఇస్తుంది. నీలిమందు చాకు కొసకి వచ్చినంత చాలు, ఎక్కువైతే నురగ కూడా నీలంగా వస్తుంది. రతన్‌జోత్ వేరు నూనెలో నానబెడితే నూనె ఎర్రగా ఉంటుంది, సబ్బులోకి వెళ్లాక వంగపండు రంగుకి తిరుగుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి జాఫరా (అన్నాటో) గింజలు. రంపచోడవరం వైపు మన్యంలో పండేవే. గింజల్ని గోరువెచ్చని నూనెలో వేసి రెండు రోజులు ఉంచి వడకట్టండి. ఎంత నూనె కలిపామన్నదాన్ని బట్టి లేత పసుపు నుంచి కాషాయం దాకా ఒకే సీసాలోంచి నాలుగు ఛాయలు తీయొచ్చు. ఆ నాలుగు ఛాయల్నీ పొరలుగా పోస్తే తెల్లవారుజాము ఆకాశంలా వచ్చింది నాకు. చేసిన సబ్బుల్లో అదొక్కటే అమ్మకుండా దాచుకున్నాను.

గులాబీ రేకులు మోల్డ్ పైన చల్లుతుంటారు కదా, అవి నల్లబడతాయి. క్యాలెండులా (బంతిలాంటి పువ్వు) రేకుల రంగు మాత్రం పోదు.

ఆముదంచెట్టు:
మంజిష్ఠ పొడి గరుకుగా తగలదా అండీ?

ఎర్రమట్టి:
పొడి నేరుగా వేస్తే తగులుతుంది. నూనెలో నానబెట్టి పల్చటి బట్టలో వడకట్టి వాడండి. రంగు కొంచెం తగ్గుతుంది కానీ ఒంటికి హాయి.

డాలస్‌లో_తెలుగు:
పొరల మధ్య సన్నటి గీత గురించి ఎవరూ చెప్పలేదు. కింది పొర గట్టిపడ్డాక టీ వడపోతలో కోకో పొడి గానీ బొగ్గు పొడి గానీ వేసి పల్చగా జల్లి, దానిమీద రెండో పొరని గరిటె వెనక నుంచి మెల్లగా పోయాలి. కోస్తే పెన్సిల్‌తో గీసినట్టు ఉంటుంది. రెండు జాగ్రత్తలు. పొడి మందంగా పడితే ఎండాక సబ్బు ఆ గీత దగ్గరే రెండు ముక్కలుగా ఊడుతుంది. కోసేటప్పుడు సబ్బు కడ్డీని పక్కకి పడుకోబెట్టి కోయండి, నిలబెట్టి కోస్తే చాకు ఆ నల్లపొడిని తెల్ల పొర మీదకి ఈడ్చుకుపోతుంది.

సబ్బు పైన తెల్లటి బూడిద లాంటిది పేరుకుంటే అది సోడా యాష్. ఇంకా సబ్బుగా మారని సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి వచ్చేది. హాని లేదు, కానీ డిజైన్ మసకబారుతుంది. పోసిన వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేసి క్లింగ్ ఫిల్మ్ కప్పితే నాకు దాదాపు రాదు. వచ్చినా బట్టల స్టీమర్ ఆవిరి చూపిస్తే పోతుంది.

మచిలీపట్నం_గాలి:
మాది పెడన దగ్గర. కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అద్దకానికి వాడి పక్కన పడేసిన చిన్న టేకు అచ్చులు, మామిడిపిందె ఒకటి, తీగ అంచు ఒకటి తెచ్చుకుని సబ్బు మీద ఒత్తడం మొదలుపెట్టాను. సబ్బు మీద ముద్ర కొత్త సంగతి కాదు. పాలస్తీనాలోని నాబ్లస్‌లో, సిరియాలోని అలెప్పోలో ఆలివ్ సబ్బుని నేలమీద పరిచి కోసి ఒక్కొక్కదాని మీదా చేత్తో ముద్ర కొడతారు. ఆ రెండు విద్యల్నీ 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

ఒత్తడానికి సమయమే ముఖ్యం. కోసిన రోజే ఒత్తితే అచ్చుకి సబ్బు అంటుకుని పెచ్చులూడుతుంది. వారం దాటితే అంచులు పగులుతాయి. నా సబ్బుకి మూడో రోజు బాగుంటుంది, వేలితో నొక్కితే పన్నీరు ముక్కలా కొంచెం లోపలికి పోవాలి. మీ నూనెల్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. చెక్క అచ్చుకి క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఒత్తండి. అంటుకోదు, సోడా చెక్కని తినేయదు, గీతల అంచులు కూడా మెత్తగా గుండ్రంగా వస్తాయి. తర్వాత మైకాని కాస్త ఆల్కహాల్‌లో కలిపి సన్న కుంచెతో గాడిలో పూస్తే కలంకారీ చీర అంచులా ఉంటుంది.

సీమపిల్ల:
అక్కా, నువ్వు పెట్టిన ఫోటో చూసినప్పటి నుంచి ఆ మామిడిపిందె కళ్లలోనే ఉంది. నేనూ ఒకటి చెప్తాను. సబ్బు పిండిని గాలి తగలకుండా కవర్లో చుట్టి రెండు రోజులు ఉంచితే చపాతీ పిండిలా సాగుతుంది, సోప్ డో అంటారు. దాన్ని జంతికల గొట్టంలో పెట్టి తీగలు, నక్షత్రాలు ఒత్తాను. చాలా బాగా వచ్చాయి.

ఆముదంచెట్టు:
తల్లీ, ఆ గొట్టం దేనిది? అల్యూమినియం అయితే వెంటనే ఆపెయ్. సోడా తగిలితే అల్యూమినియం కరిగి హైడ్రోజన్ వాయువు వస్తుంది, గొట్టం గుంటలు పడుతుంది. స్టీలుదే వాడాలి. ఒకసారి సబ్బుకి వాడినది మళ్లీ వంటకి వాడకూడదు. రెండు రోజుల పిండి కూడా చేతికి పడదు, గ్లౌజులు వేసుకో. పొరపాటున లై చర్మం మీద పడితే వెనిగర్ కోసం వెతకొద్దు, ధారగా నీళ్లు పోసుకుంటూ ఉండాలి.

సీమపిల్ల:
స్టీలుదే అక్కా, సంతలో విడిగా కొన్నాను. గ్లౌజులు మాత్రం వేసుకోలేదు. ఇక నుంచి వేసుకుంటాను.

గోదారిగట్టు:
అందరి మాటా విని మళ్లీ చేశాను. అదే కొలత, లవంగనూనె తీసేసి నిమ్మగడ్డి నూనె. లై, నూనెలు 34 డిగ్రీలు. రంగులు రాత్రే కలిపి పెట్టాను. జాఫరా నూనెతో కాషాయం, నీలిమందుతో నీలం, మూడోది రంగు లేకుండా అలాగే. మొత్తం బ్లెండర్ తిప్పింది పది సెకన్లు కూడా ఉండదు. తవుడునూనె గారు చెప్పిన అట్ల పిండి దగ్గర ఆపి మోల్డ్‌లో వరసగా పోసి, ప్లాస్టిక్ తొడుగు తీయని కరెంటు వైరుని మోల్డ్ కొలతకి వంచి అడుగు దాకా దింపి, తీగ ముగ్గు వేసినట్టు గుండ్రాలు తిప్పాను. ఆరుసార్లు తిప్పాక ఇంకా తిప్పాలనిపించింది, బలవంతంగా ఆపుకున్నాను.

నిన్న సాయంత్రం కోశాను. మొదటి ముక్కలో పెద్దగా ఏమీ లేదు, గుండె జారింది. రెండో ముక్క నుంచి నెమలి ఈకలు. ఏ రెండు ముక్కలూ ఒకలా లేవు. మా అత్తగారు వరసగా బల్ల మీద పేర్చి ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నారు. ఒక్కచోట మాత్రం నీలం, కాషాయం కలిసిపోయి ఆకుపచ్చ బూడిద రంగు వచ్చింది. దానికేం చేయాలి?

ఎర్రమట్టి:
నీలానికీ కాషాయానికీ మధ్య ఎప్పుడూ రంగు లేనిది పోయండి. ఆ రెండూ పక్కపక్కనే పడితే అలాగే మురికి రంగవుతాయి. మొదటి ముక్క, చివరి ముక్క ఎవరికైనా అంతే, మోల్డ్ గోడ దగ్గర తీగ తిరగదు. ఇక ఆరబెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి, ఫంక్షన్‌కి సరిగ్గా సరిపోతాయి. మిగతా బ్యాచ్‌లు ఈ పది రోజుల్లోనే పోసేయండి.

గోదారిగట్టు:
సరేనండీ. శనివారం రెండోది పోస్తాను. మచిలీపట్నం గారూ, ఆ తీగ అంచు అచ్చు ఒకటి నాకూ చెక్కించి పంపగలరా? వెనక వైపు ఒత్తుదామనుకుంటున్నాను.

మచిలీపట్నం_గాలి:
తప్పకుండా అండీ. మీ సబ్బు ఎంత వెడల్పో కొలిచి చెప్పండి, దానికన్నా అర అంగుళం తక్కువగా చెక్కిస్తాను.