శిక్ష పడినవాఁడె రక్షకుండు: క్రిస్మస్ సమస్య

నిర్వాహకుడు: రాత్రి కేరల్స్ వాళ్లు మా గుమ్మంలో నిలబడి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని లూకా సువార్త 2:11 చదివారు. "నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు." పొత్తిళ్లలో ఉన్న బిడ్డకి అప్పుడే ఆ పేరు! వాళ్లు వెళ్లాక నిద్ర పట్టలేదు, ఈ పాదం పట్టింది. ఇదే ఆఖరి పాదంగా వచ్చేలా పద్యం పూరించండి.

శిక్ష పడినవాఁడె రక్షకుండు

గోదారి గట్టు:

పశులతొట్టిలోనఁ బవళించు పసిబిడ్డ
పెరిగి సిలువ మోసె బెరుకు లేక
పాపి కొరకు తానె బలియయ్యె వినరయ్య
శిక్ష పడినవాఁడె రక్షకుండు

పల్నాటి గాలి: తొట్టి నుంచి సిలువకి రెండే పాదాల్లో నడిపించారు మాస్టారూ, బాగుంది. కానీ "బెరుకు లేక" ఒప్పుకోలేను. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో "ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించుము" అని వేడుకున్నాడాయన. చెమట రక్తబిందువుల్లా నేలమీద పడిందని లూకా రాశాడు. అంత భయంలోనూ మనకోసం వెళ్లాడు, కృప అంటే అదే కదా. ఆ ఒక్క మాట దాన్ని తుడిచేసింది. నా పూరణ:

హంతకుఁడు బరబ్బ హాయిగా వెడలెను
దోష మెఱుఁగనట్టి దొరకు సిలువ
చోటు మార్చుకొనిన చోద్యమ్ము చూడుఁడీ
శిక్ష పడినవాఁడె రక్షకుండు

గోదారి గట్టు: మూడో పాదం నాది కాలేదే అని అసూయగా ఉంది, నిజం. యేసుకి బదులు విడుదలైన ఖైదీ బరబ్బ, ఆ పేరుకి అరమెయిక్‌లో అర్థం "తండ్రి కుమారుడు". ఒక తండ్రి కొడుకు బయటికి, ఇంకో తండ్రి కొడుకు సిలువకి. పేరు పెట్టి ఆ శ్లేష వదిలేశారేం? ఇక "హాయిగా" ఏ సువార్తలో ఉంది? పోయినేడు నేను బాలయేసుని చూడవచ్చినవాళ్లని "ముగ్గురు జ్ఞానులు" అంటే వారం రోజులు వదల్లేదు మీరు.

పల్నాటి గాలి: ఆ ముగ్గురి సంగతి ఇప్పుడూ అదే అంటాను. మత్తయి కానుకలు మూడన్నాడు, మనుషుల లెక్క చెప్పలేదు. "హాయిగా" మాత్రం యతి కోసమే, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలనే వేశాను, తప్పే. ఇలా మార్చా: "హంతకుఁడు బరబ్బ యడుగిడె వెలుపల".

కొత్త చిగురు: పెద్దల మధ్య నాదొకటి.

ఫిలిపి చెఱను నాఁడు భీకర కంపాన
కత్తి దూయు భటునిఁ గాచెఁ బౌలు
తలుపు తెఱచియున్నఁ దరలక నిల్చిన
శిక్ష పడినవాఁడె రక్షకుండు

గోదారి గట్టు: ఊరు ఫిలిప్పీ తమ్ముడూ. గణం కొలత కుదరాలని "ప్ప" ద్విత్వం ఎగరగొడితే ఎలా?

పల్నాటి గాలి: ఊరు తర్వాత. "తలుపు తెఱచియున్నఁ దరలక" చూడండి మాస్టారూ, భూకంపానికి తలుపులు తెరుచుకుంటే ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చావబోయిన జైలరుని, ఖైదీ పారిపోకుండా నిలబడి బతికించాడు! నా అభ్యంతరం వేరు. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అని ఆ జైలరుకి చెప్పింది పౌలే. తననే రక్షకుడంటే ఆయన ఊరుకుంటాడా?

కొత్త చిగురు: ప్రాణం కాపాడాడన్న అర్థంలోనే వాడానండీ. ఫిలిప్పీ ఎటు తిప్పినా మొదటి గణంలో ఇమడలేదు. రాత్రికి మళ్లీ కూర్చుంటాను.

గోదారి గట్టు: గెత్సేమనే మాట పొద్దుటి నుంచి నన్ను వదల్లేదు పల్నాడు గారూ. నా రెండో పాదం ఇలా చదువుకోండి: "పెరిగి సిలువ మోసె బెరుకు మింగి".