నడక తీరును బట్టి మతిమరుపు జబ్బును పసిగట్టవచ్చా? బాపు చేతికి వాచీ కట్టే ముందు కొన్ని సందేహాలు

ప్రశ్న: సుబేదారి వాసి, హన్మకొండ

అందరికీ నమస్కారం. మా బాపుకు 74 సంవత్సరాలు. ఆజంజాహి మిల్లులో పనిచేసి, మిల్లు మూతపడిన తర్వాత చాలాకాలం కిరాణా దుకాణం నడిపారు. చదువు ఐదో తరగతి వరకే అయినా, ఉద్దెర ఖాతాలన్నీ పుస్తకం తెరవకుండానే చెప్పేవారు. గత ఏడాదిగా చెప్పిన మాటనే మళ్లీ చెప్పడం, బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తులేకపోవడం చూస్తున్నాము. అంతకంటే ఎక్కువగా నన్ను కలవరపెడుతున్నది ఆయన నడక. పొద్దున భద్రకాళి బండ్ మీద ఇద్దరం నడుస్తున్నప్పుడు నేను ఏదైనా అడిగితే ఆయన నిలబడిపోతున్నారు. జవాబు పూర్తిగా చెప్పిన తర్వాతనే మళ్లీ అడుగు వేస్తున్నారు.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడు ఒక స్మార్ట్‌వాచ్ పంపిస్తానంటున్నాడు. నడకను, నిద్రను, చేతి కదలికలను కొలిచి మతిమరుపు జబ్బును ముందుగానే పట్టే సెన్సర్లు వచ్చాయని వాడు ఎక్కడో చదివాడు. చేతికి కట్టుకున్న వస్తువు మెదడు సంగతి ఎలా చెప్పగలదన్నది నా మొదటి సందేహం. బాపుకు మోకాళ్ల నొప్పి కూడా ఉంది కాబట్టి, నడక నెమ్మదించడానికి మోకాలు కారణమో మెదడు కారణమో ఆ లెక్కల్లో తేలుతుందా అన్నది రెండవది. ఇక మూడవది, ఇదంతా ఆయనకు చెప్పి చేయాలా, చెప్పకుండా చేయాలా అన్నది. ఆయన అభిమానం గల మనిషి.

జవాబు: ఫిజియోథెరపిస్టు, కరీంనగర్

మీరు గమనించినది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. స్వీడన్ పరిశోధకులు 1997లో ఇటువంటి పరిశీలననే ప్రచురించారు. వృద్ధుల వసతిగృహంలో ఉంటున్న 58 మందిని నడిపిస్తూ మాటల్లో పెడితే 12 మంది నిలబడిపోయారు. ఆ పన్నెండు మందిలో పది మంది తర్వాతి ఆరు నెలల్లో కింద పడ్డారు. వారు చూసినది పడిపోయే ప్రమాదాన్నే గాని జ్ఞాపకశక్తిని కాదు. అయినా మాట కోసం నడకను ఎందుకు ఆపవలసి వస్తున్నదన్న ప్రశ్న అక్కడి నుంచే బలపడింది.

మామూలుగా నడక దాని పాటికి అది సాగిపోతుంది, మనసు మాటల మీదనో లెక్కల మీదనో ఉండవచ్చు. ఏకాగ్రతను పంచిపెట్టే మెదడు ముందుభాగం, దాన్ని లోపలి భాగాలతో కలిపే దారులు బలహీనపడినప్పుడు నడక కూడా శ్రద్ధ పెట్టి చేయవలసిన పనిగా మారుతుంది. లో వోల్టేజీ ఉన్న ఇంట్లో మోటరు వేయగానే బల్బు మసకబారినట్టు, రెండు పనులు ఒకేసారి పడితే ఒకటి తగ్గుతుంది. అందుకే మేము మనిషిని మామూలుగా ఒకసారి, ఏదైనా మానసికమైన పని చేయిస్తూ మరొకసారి నడిపించి, రెండింటి మధ్య తేడా చూస్తాము. కెనడాలో, జ్ఞాపకశక్తి కొంత తగ్గినా ఇంకా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) దశకు చేరని 112 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. రెండో పని చేస్తూ నడిచినప్పుడు వేగం 20 శాతం కంటే ఎక్కువ పడిపోయినవారిలో డిమెన్షియా వచ్చే అవకాశం హెచ్చుగా కనిపించింది. మామూలు నడక వేగాన్ని మాత్రమే చూసినప్పుడు అంత స్పష్టమైన సంబంధం తేలలేదు.

మీ రెండవ సందేహానికి సమాధానం ఇందులోనే ఉంది. మోకాలి నొప్పి రెండు నడకలనూ నెమ్మదింపజేస్తుంది కాబట్టి, తేడాను లెక్కించినప్పుడు దాని ప్రభావం చాలావరకు తొలగిపోతుంది. పూర్తిగా తొలగదు, ఎందుకంటే నొప్పి కూడా మనిషి శ్రద్ధను లాక్కుంటుంది. ఉదాహరణకు పది మీటర్ల దూరాన్ని మామూలుగా 10 సెకన్లలో, కూరగాయల పేర్లు చెబుతూ 13 సెకన్లలో నడిస్తే వేగం సెకనుకు 1 మీటరు నుంచి సుమారు 0.77 మీటరుకు, అంటే 23 శాతం తగ్గినట్టు. దీనికి వాచీ అక్కరలేదు. చదునైన వరండా, సుద్దముక్క, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. గీతకు రెండు మీటర్ల ముందు నుంచి నడక మొదలుపెట్టించి, చివరి గీత దాటిన తర్వాత ఆపించండి. పక్కన ఒకరు తప్పనిసరిగా నడవాలి.

చేయించే పనిని ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. పుస్తకాలలో రాసిన విధంగా వంద నుంచి ఏడేడు తీసివేయమంటే బడికి వెళ్లని మనిషి బెదిరిపోతాడు, మీ బాపు వంటి నోటిలెక్కల మనిషికి అది మరీ తేలిక కావచ్చు. కూరగాయల పేర్లో జంతువుల పేర్లో చెప్పించడం మేలు. ఏది ఎంచుకున్నా ప్రతిసారి అదే ఉండాలి. కూర్చోబెట్టి కూడా ఒకసారి చెప్పించి చూడండి, లేకపోతే తడబాటు నడక వల్ల వచ్చిందా, అసలు పేర్లే గుర్తుకు రావడం లేదా అన్నది తెలియదు. ఇది మీరు గమనించుకొని డాక్టరుకు చెప్పడానికి మాత్రమే. ఒక్క రోజు వచ్చిన అంకెను పట్టుకొని ఏ నిర్ణయానికీ రాకండి.

జవాబు: సెన్సర్లపై పనిచేసే ఇంజనీరు, కాజీపేట

వాచీలో యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ అనే రెండు సెన్సర్లు ఉంటాయి. మొదటిది మూడు దిశలలో వేగం ఎలా మారుతున్నదో కొలుస్తుంది. రెండవది ఎంత త్వరగా తిరుగుతున్నామో కొలుస్తుంది. పరిశోధనల్లో వాడే పరికరాలు సాధారణంగా సెకనుకు 50 నుంచి 100 సార్లు ఈ కొలతలు తీసుకుంటాయి. పరికరాన్ని నడుము వెనుక కట్టినప్పుడు మడమ నేలను తాకిన ప్రతిసారి గ్రాఫులో ఒక శిఖరం వస్తుంది, రెండు శిఖరాల మధ్య కాలమే ఒక అడుగుకు పట్టిన సమయం. మేము ఆసక్తిగా చూసేది సగటు వేగాన్ని కాదు, ఆ సమయం అడుగు నుంచి అడుగుకు ఎంత మారుతున్నదన్న విషయాన్ని. ఆరోగ్యవంతుల నడకలో ఈ హెచ్చుతగ్గులు చాలా స్వల్పం. స్టాప్‌వాచ్‌తో దీన్ని కొలవలేము, కాబట్టి సెన్సరు నిజంగా ఉపయోగపడే చోటు ఇదే.

మరొకటి మలుపు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చునే పరీక్ష 1991 నుంచి వాడుకలో ఉంది. స్టాప్‌వాచ్ మొత్తం సమయాన్ని ఒక్క అంకెగా చెబుతుంది. నడుముకు కట్టిన సెన్సరు మాత్రం లేవడానికి ఎంత, తిరగడానికి ఎంత, కూర్చోవడానికి ఎంత అని విడదీస్తుంది. తిరగడంలో దిశను, తూకాన్ని, తర్వాతి అడుగును ఒకేసారి చూసుకోవాలి కాబట్టి తేడాలు అక్కడ ముందుగా బయటపడే అవకాశం ఉంది.

ఇదంతా నడుముకో పాదాలకో కట్టే పరికరాల సంగతి. మణికట్టు వాచీకి తెలిసేది చేతి కదలిక మాత్రమే. మన పెద్దవాళ్లలో చాలామంది రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నడుస్తారు. కొందరు కర్ర పట్టుకుంటారు. అప్పుడు అడుగుల లెక్క తగ్గిపోతుంది. నడక బాగా నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా వాచీలు అడుగులను వదిలేస్తాయి, అంటే ఎవరి లెక్క మనకు ఎక్కువ అవసరమో వారి విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. పైగా కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు అడుగులను లెక్కించే పద్ధతి కూడా మారవచ్చు. నిరుటి అంకెను, ఈ ఏటి అంకెను పక్కపక్కన పెట్టడం అప్పుడు అర్థం లేని పని.

మీ తమ్ముడు చదివినది బహుశా బ్రిటన్ అధ్యయనం గురించి కావచ్చు. అక్కడ ప్రజల ఆరోగ్య సమాచారాన్ని పరిశోధన కోసం సేకరించే యూకే బయోబ్యాంక్‌లో సుమారు లక్ష మంది మణికట్టుకు పరికరం కట్టుకొని వారం రోజులు గడిపారు. వారిలో 78 వేల మందికి పైగా సమాచారంతో 2022లో వచ్చిన ఫలితం ప్రకారం రోజుకు 9,800 అడుగుల దగ్గర డిమెన్షియా ముప్పు అందరికంటే తక్కువగా ఉంది. నడవడం వల్ల ముప్పు తగ్గిందా, ఏళ్ల ముందే మెదడులో మొదలైన మార్పుల వల్ల నడక తగ్గిందా అన్నది అటువంటి అధ్యయనంతో తేలదు.

ఒక చిన్న లెక్క కూడా చెబుతాను. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో ప్రచురించిన జాతీయ అంచనా. ఉన్నవారిలో నూటికి 85 మందిని పట్టి, లేనివారిలో నూటికి 85 మందిని సరిగ్గా వదిలేసే వాచీ ఉన్నదని ఊరికే అనుకుందాము. వందమంది పెద్దవాళ్లకు దాన్ని కడితే జబ్బున్న ఏడుగురిలో ఆరుగురిని పట్టుకుంటుంది, జబ్బు లేని 93 మందిలో మరో పద్నాలుగు మందిని కూడా భయపెడుతుంది. వాచీ అమ్మేవారి ప్రకటనల్లో ఈ పద్నాలుగు మంది కనిపించరు.

జవాబు: సింగరేణి కుటుంబం, గోదావరిఖని

మా అత్తమ్మకు డిమెన్షియా అని వైద్యులు నిర్ధారించిన తర్వాతనే మేము వాచీ కట్టాము, కాబట్టి జబ్బును పట్టడంలో దాని సంగతి నేను చెప్పలేను. రాత్రులు ఆమె ఎన్నిసార్లు లేస్తున్నారు, పగటి కునుకు ఎంత పెరిగింది అన్న విషయాలు మాత్రం మాకు బాగా తెలిశాయి. ఆ వివరాలు చూసిన తర్వాతే డాక్టరు ఆమె మాత్రల వేళలు మార్చారు. పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. మా రామగుండం ప్రాంతంలో మే నెలలో ఎవరూ గడప దాటరు, అడుగులు సగానికి పడిపోతాయి. వేసవి అంకెలను కిందటి వేసవితోనే పోల్చాలి.

మీ మూడవ ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: చెప్పి కట్టండి. చెప్పకుండా కడితే తీసి ఏ దిండు కిందనో పెట్టేస్తారు, వాచీలో అడుగులు సున్నా అని వస్తాయి. అంతకంటే ముఖ్యంగా, ఇంకా తన నిర్ణయాలు తాను చేసుకోగల మనిషి కదలికలు ఆయనకు తెలియకుండా కొడుకుల ఫోన్లకు చేరడం నాకు సరైనదిగా తోచదు. "నడక బాగుండాలని కడుతున్నాము, డాక్టరుకు చూపిస్తాము" అన్న మాట అబద్ధం కాదు, అవమానకరం కూడా కాదు.

సుబేదారి వాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న వరండాలో గీతలు గీసి బాపును నడిపించాను. మామూలుగా 12 సెకన్లు, కూరగాయల పేర్లు చెబుతూ 17 సెకన్లు పట్టింది. మధ్యలో ఒకసారి నిలబడ్డారు. కూర్చున్నప్పుడు పేర్లు తడబడకుండానే చెప్పారు. ఇది చూపించడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏమి అడగాలి?

జవాబు: జనరల్ ఫిజీషియన్, హన్మకొండ

మీ లెక్క ప్రకారం వేగం సుమారు 29 శాతం తగ్గింది. ఇది జబ్బు నిర్ధారణ కాదు, కాని పరీక్షను వాయిదా వేయకూడదని చెప్పడానికి చాలు. ముందు జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి, ఆ తర్వాత న్యూరాలజిస్టుకు. మొదటి దశలో మేము వెతికేది అల్జీమర్స్‌ను కాదు, సరిచేయగల కారణాలను. విటమిన్ బి12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాలి. ఇంట్లో ఉన్న మందులన్నీ, మెడికల్ షాపులో సొంతంగా కొన్న నిద్రమాత్రలు, జలుబు మాత్రలతో సహా ఒక సంచిలో వేసి తీసుకురండి. వాటిలో కొన్ని వృద్ధులలో మతిని, నడకను రెండింటినీ దెబ్బతీస్తాయి. చెవులు పరీక్ష చేయించండి. దిగులు వ్యాధి ఉన్నా నడక నెమ్మదిస్తుంది, మాటలు గుర్తుండవు.

బీపీ ఉన్నదన్నారు కాబట్టి మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిన్నాయేమో స్కానింగులో చూడవలసి ఉంటుంది. నడకలో తేడాలు ఉన్న వృద్ధులకు అల్జీమర్స్ కాని డిమెన్షియాలు, ముఖ్యంగా రక్తనాళాలకు సంబంధించినవి, ఎక్కువగా వచ్చినట్టు న్యూయార్క్ అధ్యయనం ఒకటి 2002లోనే చూపింది. అడుగులు నేలకు అతుక్కున్నట్టు పడడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిసి ఉంటే మెదడులో నీరు చేరే జబ్బు ఉన్నదేమో చూడాలి. దానికి శస్త్రచికిత్స ఉంది. మూత్రం సంగతి పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో, చదువుకు తగ్గట్టు చేయమని తప్పక అడగండి. 30 మార్కుల పరీక్షల్లో చదవడం, రాయడం, బొమ్మ గీయడం ఉంటాయి, ఐదో తరగతి చదివిన మనిషికి అక్కడ మార్కులు పోవడం జబ్బు లక్షణం కాకపోవచ్చు. హైదరాబాదులోని నిమ్స్ న్యూరాలజీ విభాగంలో, బడికి వెళ్లనివారినీ దృష్టిలో పెట్టుకొని, ఇటువంటి పరీక్షలను తెలుగువారికి అనువుగా మార్చి వాడుతున్నారు. వాచీ కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు. కొన్నా నిర్ధారణ కోసం కాకుండా, చికిత్స మొదలైన తర్వాత మార్పును గమనించడానికి పనికివస్తుంది. వయోవృద్ధుల సహాయం కోసం 14567 అనే ఉచిత నంబరు కూడా ఉంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరుస వర్తించదు. గత కొన్ని వారాల్లో ఆయన కింద పడి తలకు దెబ్బ తగిలి ఉన్నా, మతిలోనో నడకలోనో మార్పు రోజుల వ్యవధిలోనే వేగంగా పెరుగుతున్నా, మెదడు పొరల మధ్య రక్తం చేరి ఉండవచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకువెళ్లి స్కానింగ్ చేయించండి.