"అతని పరామర్శించెను": సమరయుని కథలో ఈ క్రియకి అర్థం ఎంతవరకు?

గోదారిగట్టు:
బైబిల్లో లూకా సువార్త 10వ అధ్యాయం, మంచి సమరయుని కథ: దొంగలు కొట్టి దారిలో వదిలేసిన మనిషిని యాజకుడూ (పూజారి), లేవీయుడూ (ఆలయ సేవకుడు) దాటిపోతే, పరాయివాడైన సమరయుడు ఆదుకుని, డబ్బుకి బస, భోజనం ఇచ్చే పూటకూళ్లింటికి చేర్చాడు. "తన వాహనముమీద ఎక్కించి యొక పూటకూళ్లవాని యింటికి తీసికొనిపోయి అతని..." దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాతి క్రియ "పరామర్శించెను" అనే గుర్తు. రోగుల ఇళ్ళకి వెళ్ళే జట్టు కోసం ఒక కరపత్రం తయారవుతోంది, దానిమీద ఈ వచనం వేయాలి. చిత్తుప్రతిలో ఒకచోట "పరిచర్య చేసెను" అనీ, ఇంకోచోట "పరామర్షించెను" అని ష తోనూ ఉంది. ఏది సరైన పాఠం? నిజంగా పరామర్శే అయితే, "బాధిత కుటుంబాలను పరామర్శించిన మంత్రి" అని రోజూ పేపర్లో చదివే జనానికి ఆ మాట ఏం చెబుతుంది?

పాతపుస్తకం:
పరామర్శించెనే. 34వ వచనంలో "అతని పరామర్శించెను", 35లో "ఇతని పరామర్శించుము". రెండుచోట్లా అదే. పరిచర్య ఇక్కడ లేదండి. అది బైబిల్లోనే రోమా పత్రిక 12 లాంటి చోట్ల వచ్చే మాట.

అరసున్న:
ఆ ష సంగతి ముందు తేల్చాలి. ఇది అచ్చుతప్పు అనుకుని వదిలేసేది కాదు, ధాతువే (మాట పుట్టిన మూలమే) మారిపోతుంది. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో "మృశ ఆమర్శనే" అంటే తాకడం. "మృష తితిక్షాయాం" అంటే ఓర్చుకోవడం. ష తో వచ్చేవి అమర్షం, అఘమర్షణం. శ తో వచ్చేవి విమర్శ, పరామర్శ. పరామర్శకి మొదటి అర్థం చేత్తో పట్టుకోవడం, తాకి చూడటం. భారతంలో ద్రౌపది జుట్టు పట్టి లాగడానికి కూడా సంస్కృతంలో ఈ మాటే వాడారు. అక్కణ్ణించి తాకి చూడటం, ఆరా తీయడం, ఆలోచించడం దాకా వచ్చింది. తర్కశాస్త్రంలో అన్నంభట్టు "వ్యాప్తివిశిష్ట పక్షధర్మతా జ్ఞానం పరామర్శః" (నిప్పుతోనే ఉండే పొగ ఈ కొండమీద ఉందని గ్రహించడం లాంటి ఆలోచన) అన్నది ఆ చివరి మెట్టు. గ్రంథాలయంలో పరామర్శ గ్రంథాలంటే కూడా అదే దారి. కాబట్టి కరపత్రంలో ష పడితే సమరయుడు గాయపడ్డవాణ్ణి ఓర్చుకున్నట్టవుతుంది.

పల్నాటిపిల్ల:
అరసున్న గారూ, వ్యుత్పత్తి బాగుంది. కానీ ఇవాళ వాడుకలో పరామర్శ అంటే వెళ్ళి పలకరించి రావడమే. చావింటికి వెళ్తే పలకరింపు, కాస్త పెద్దమాటలో పరామర్శ. పావుగంట కూర్చుని, రెండు మంచిమాటలు చెప్పి లేస్తాం. వేలు తాకేది లేదు. చదివేవాడికి ధాతువు తెలియదు కదా.

పాతపుస్తకం:
ధాతువు తెలియక్కర్లేదమ్మా, వాక్యం చదివితే చాలు. రెండు ఆనవాళ్ళున్నాయి. ఒకటి: పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్ళడానికీ, 35 మొదట్లో వచ్చే "మరునాడు"కీ మధ్య ఉన్న క్రియ ఇదొక్కటే. అంటే ఆ రాత్రంతా జరిగింది పరామర్శే. పలకరింపు అనుకుంటే రాత్రి ఖాళీ అయిపోతుంది. రెండు: అదే క్రియని ఆజ్ఞగా పూటకూళ్లవాడికి అప్పజెప్పాడు. మనిషి పడుకున్నది అతని ఇంట్లోనే. సొంత ఇంట్లో ఉన్నవాణ్ణి వెళ్ళి పలకరించి రమ్మని ఎవరైనా చెబుతారా? పైగా "నీవింకేమైనను ఖర్చు చేసినయెడల" అన్నాడు. పలకరింపుకి ఖర్చేముంది?

పల్నాటిపిల్ల:
రెండో ఆనవాలు గట్టిది, ఒప్పుకుంటున్నాను. మరి బైబిల్లోనే యాకోబు పత్రిక 1:27 సంగతేమిటి? "దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుటయు". అక్కడ రాత్రీ లేదు, సమరయుడు పూటకూళ్లవాడికిచ్చిన రెండు దేనారాల (రోము నాణేల) లాంటి ఖర్చూ లేదు. వెళ్ళి చూసి రావడం అని చదివితే అడ్డేముంది?

పాతపుస్తకం:
అక్కడ గ్రీకు మాటే వేరు. లూకాలో ఉన్నది ఎపిమెలెయోమై, అంటే బాధ్యత తీసుకుని చూసుకోవడం. యాకోబులో ఎపిస్కెప్టోమై, అంటే వెళ్ళి చూడటం, ఆలనాపాలనా కనిపెట్టడం. ఆ రెండో క్రియే మత్తయి 25:36లోనూ ఉంది. తెలుగులో అక్కడ "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అన్నారు. అంటే గ్రీకులో రెండు వేర్వేరు మాటలకి తెలుగులో ఒకటే పరామర్శ, గ్రీకులో ఒకటే మాటకి తెలుగులో రెండు. నా లెక్క ప్రకారం తెలుగు చేసినవాళ్ళు మనిషి చేసే పనిని చూసి మాట ఎంచారు. అనాథనీ విధవరాలినీ ఊరికే చూసి వస్తే సరిపోదు కాబట్టి అక్కడ పరామర్శ అన్నారు.

శకటరేఫ:
చర్చలో అసలు చూడాల్సిన అక్షరం వేరే ఉంది. 30వ వచనంలో "కొరప్రాణముతో విడిచిపోయిరి" అని ర తో అచ్చేస్తున్నారు. అది కొఱప్రాణము. కొఱత, కొఱనెల ఎలాగో ఇదీ అలాగే. కొఱనెల అంటే నిండని చంద్రుడు, కొఱప్రాణం అంటే నిండుగా లేని ప్రాణం. సగం చచ్చినవాడు అనడం కంటే ఎంత మెత్తని మాట! కరపత్రంలో ఆ వచనం కూడా వేస్తే ఱ వేయండి.

గోదారిగట్టు:
30 వేయడం లేదండి. 34, 35 మాత్రమే.

పల్నాటిపిల్ల:
వేస్తే బాగుంటుంది నిజానికి. "యెరూషలేమునుండి యెరికో పట్టణమునకు దిగి వెళ్లుచు" అన్నదాంట్లో ఆ "దిగి" ఊరికే పడలేదు. దారి 27 కిలోమీటర్లు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్లు ఎగువన ఉంది, యెరికో సుమారు 250 మీటర్లు దిగువన. ఒంట్లో కొఱప్రాణం ఉన్న మనిషిని ఆ వాలులో వాహనం మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకుని పక్కన నడిచి తీసుకెళ్ళాలి. తాకడం అక్కడే మొదలైంది. ఇప్పుడు అరసున్న గారి ధాతువు నాకూ పనికొచ్చింది.

తాళపత్రం:
అందరూ పూటకూళ్లని దాటిపోయారు. యేసు పుట్టుక చెప్పే లూకా 2:7లో "సత్రములో వారికి స్థలము లేనందున" అని వస్తుంది. ఇక్కడ సత్రం కాదు, పూటకూళ్లవాని ఇల్లు. గ్రీకులోనూ అక్కడ కటాలుమా, ఇక్కడ పాండొకేయోన్. సత్రంలో ధర్మానికి పెడతారు, పూటకూళ్లింట్లో డబ్బుకి పెడతారు. దేనారాలు చేతులు మారుతున్నాయి కాబట్టి సత్రం అని వేస్తే కథ చెడేది. లూకా సువార్త తెలుగులో అచ్చయింది 1812లో, బెంగాల్‌లోని సేరంపూర్‌లో. తెలుగు చేసింది 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్‌ల బృందం, ఆనందరాయర్ సాయంతో. నా ఊహేమిటంటే ఈ పూటకూళ్లు ఉత్తరాంధ్ర వాడుక. గురజాడ వారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ విజయనగరంలో ఉండటం కాకతాళీయం కాదు.

పాతపుస్తకం:
తాళపత్రం గారూ, ఆ ఊహ నిలవదు. 1812 నాటి పాఠాన్ని తర్వాత ఎన్నోసార్లు సవరించారు, ఈనాటి మాట ఆ రోజుదే అనడానికి లేదు. ఇక పూటకూళ్లు ఉత్తరాంధ్ర సొత్తు అంటే ఓరుగల్లు ఒప్పుకోదు. ఓరుగల్లు ముచ్చట్లు చెప్పే పాత కావ్యం క్రీడాభిరామంలో "లప్పలతోడఁ గ్రొంబెరుగు లక్ష్మణవజ్ఝుల యింట రూకకున్" ఎక్కడిది? గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, పెసరపప్పు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, అన్నీ కలిపి ఒక్క రూక. అది పూటకూళ్లిల్లు కాక మరేమిటి?

తాళపత్రం:
శ్రీనాథుడి పద్యం మరిచిపోతానా! ఒప్పుకున్నాను.

పాతపుస్తకం:
వల్లభరాయుడిది.

తాళపత్రం:
పేరు వల్లభరాయుడిది, చెయ్యి శ్రీనాథుడిది. ఆ పెరుగు లప్పలు ఇంకెవరికి కనబడతాయి? ఎలాగూ శ్రీనాథుడి దాకా వచ్చాం కనుక, "దీనారటంకాలఁ దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల". ఆ దీనారమూ లూకాలోని దేనారమూ ఒకటే మాట. రోమువాళ్ళ దెనారియుస్ గ్రీకులో దెనారియోన్ అయింది, మన దేశానికి వచ్చి దీనారమైంది, గుప్తులు బంగారు నాణేనికి ఆ పేరు పెట్టుకున్నారు. ముత్యాలశాలలో శ్రీనాథుడి నెత్తిన కురిసింది బంగారం. పూటకూళ్లవాడి చేతిలో పడింది వెండి, నాణెం నాలుగు గ్రాములకి కాస్త తక్కువ.

పల్నాటిపిల్ల:
విలువ మత్తయి 20లో తెలుస్తుంది. ద్రాక్షతోట పనివాళ్ళకి దినకూలి ఒక దేనారము. అంటే సమరయుడు ఇచ్చింది రెండు రోజుల కూలి, పైన ఎంతైనా తీరుస్తానన్న మాట. పరామర్శకి ఆయన పద్దు తెరిచి పెట్టాడు, దాన్ని మూయలేదు. ఈ తీరు జట్టుకి పనికొస్తుంది. కవర్లో డబ్బు పెట్టి చేతికిస్తే ఇంట్లో అప్పులవాడు ముందు తీసుకుపోతాడు. మందుల షాపులో ఆ ఇంటి పేరున నెలకి ఇంత అని ఖాతా పెట్టి, నెలాఖరున బిల్లు చూసి కట్టడం మేలు. పూటకూళ్లవాడితో కుదుర్చుకున్నది అచ్చం అదే.

రాత్రిడ్యూటీ:
ఇక్కడ నర్సుగా ఒక మాట. 34లో "నూనెయు ద్రాక్షారసమును పోసి అతని గాయములను కట్టి" అన్నది ఆ కాలపు వైద్యం. ద్రాక్షారసం పుండు కడగడానికి, నూనె మెత్తబరచడానికి. కరపత్రం చదివి ఎవరూ ఇవాళ అలా చేయకూడదు. స్పిరిట్ పోస్తే కొత్తగా పుట్టే కండ కూడా మాడిపోతుంది. శుభ్రమైన పారే నీళ్ళతో కడిగి, పొడి గాజ్ గుడ్డ పెట్టి కట్టాలి. రక్తం ఆగకపోతే గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. మధ్యమధ్య ఎత్తి చూడకూడదు, ఎత్తితే గడ్డకట్టింది ఊడిపోతుంది.

మంచాన పడ్డవాళ్ళ పరామర్శ అంటే నా లెక్కలో పక్క మార్చడం. రెండు గంటలకోసారి ఎడమ, వెల్లకిల, కుడి. పక్కకి పూర్తిగా నిలువుగా తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. ముప్పై డిగ్రీలు వాలేలా వీపు వెనక దిండు చాలు. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి, మడమలు పరుపుకి తగలకుండా. తిప్పిన ప్రతిసారీ నడుము కింద, తుంటి, మడమ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లని ఒంటిమీద ఎరుపు సరిగా కనబడదు. చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడాలి. ఆ చోట మాలిష్ చేయకూడదు, కింద కణజాలం ఇంకా నలుగుతుంది. గుండ్రటి గాలి రింగు వద్దు, చుట్టూ రక్తం ఆపేస్తుంది. పుండు మీద పసుపూ పౌడరూ వద్దు. తినిపించాక అరగంటైనా తల ఎత్తి ఉంచాలి.

అరసున్న:
"చేత్తో తడిమి చూడాలి". రాత్రిడ్యూటీ గారూ, ధాతుపాఠానికి ఇంతకంటే మంచి టీక నేను చదవలేదు. ఆమర్శనం అంటే ఇదే.

పల్నాటిపిల్ల:
నాదొక్క అభ్యంతరం మిగిలింది. పలకరింపు విలువ తగ్గించకండి. పక్క మార్చే మనిషి ఇంట్లో సాధారణంగా ఒక్కరే ఉంటారు, భార్యో కోడలో. రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేచి తిప్పేది ఆమే. జట్టువాళ్ళు వెళ్ళి రోగి దగ్గర ప్రార్థన చేసి వచ్చేస్తే ఆమెని ఎవరూ చూడనట్టే. "నువ్వు నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగడం కూడా పరామర్శే. అడిగాక మూడు గంటలు ఆమె స్థానంలో కూర్చుంటే ఇంకా మంచిది. యాకోబు "వారి యిబ్బందిలో" అన్నాడు, అది ఒట్టి చూపు కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ చూడటంతోనే మొదలవుతుంది. యాజకుడూ లేవీయుడూ కూడా చూశారు, చూసి ప్రక్కగా పోయారు. సమరయుడు చూసి "దగ్గరకు పోయి". తేడా ఆ రెండు మాటల్లో ఉంది.

గోదారిగట్టు:
అందరికీ నమస్కారాలు. వచనం పరామర్శించెను అనే వేస్తున్నాం, శ తో. జట్టు పేరు మాత్రం తేలలేదు. "పరామర్శ బృందం" అంటే పల్నాటిపిల్ల గారు చెప్పిన పావుగంట పలకరింపే గుర్తొస్తుందని సగంమంది, "పరిచర్య బృందం" అంటే పాటలూ ప్రసంగాలూ అనుకుంటారని సగంమంది.

రాత్రిడ్యూటీ:
పేరు ఏదైనా వెనకపేజీలో పక్క మార్చే పట్టీ వేయండి. ఉదయం 6 నుంచి రెండేసి గంటల గడులు, ఏ వైపు తిప్పారు, ఎక్కడ ఎరుపు ఉంది, తిప్పినవాళ్ళ పొడి సంతకం. పెద్ద అక్షరాల్లో ఉండాలి, రాత్రి జీరో బల్బు కింద చదవాలి.

శకటరేఫ:
30వ వచనం వేయడం లేదన్నారు కానీ, వేస్తే ఱ.

తాళపత్రం:
పాతపుస్తకం గారూ, మత్తయి 25:36లో "చూడవచ్చితిరి" అన్న తెలుగు మొదటినుంచీ ఉందా, సవరణలో వచ్చిందా? 1812 ప్రతిలో మత్తయి కూడా ఉంది. అక్కడ పరామర్శ కనబడితే యాకోబు గురించి మీరు చెప్పిన లెక్క మారిపోతుంది కదా. ఆ ప్రతి స్కాన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఆ ఒక్క పేజీ పెట్టండి.