ఓటర్లకు సాయపడాలనుకుంటున్నాం: ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి): నమస్కారం. నేను ఇటీవలే ఉద్యోగ విరమణ చేశాను. మా వీధిలో నలుగురైదుగురం కలిసి, ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా, వచ్చే ఎన్నికల్లో ఓటర్లకు సాయపడాలని అనుకుంటున్నాం. పోలింగ్ రోజున పెద్దవాళ్లను ఆటోల్లో తీసుకెళ్లడం, బూత్ దగ్గర బల్ల వేసుకుని జాబితాలో వరుస సంఖ్య చూసి చెప్పడం మా ఆలోచన. ఇందులో చట్టానికి అడ్డొచ్చేది ఏమైనా ఉందా?

జవాబు (ఉపాధ్యాయుడు, చిత్తూరు): అయ్యా, పోలింగ్ విధుల్లో పలుమార్లు కూర్చున్నవాడిగా చెబుతున్నాను. మీరు అనుకున్న రెండూ చివరి రోజు పనులు. ఓటు చేజారేది మాత్రం చాలావరకు అంతకు ఎన్నో నెలల ముందే. ఒకసారి ఒక అవ్వ ఓటరు కార్డును కొంగున ముడివేసుకుని వచ్చింది. కార్డు అసలైనదే, ఫొటో కూడా ఆమెదే, కానీ మా ముందున్న జాబితాలో పేరు లేదు. కొడుకు ఇల్లు మారినప్పుడు పాత చిరునామాలో తీసేశారు, కొత్తచోట ఎవరూ చేర్పించలేదు. "కార్డుంది కదా నాయనా" అని ఆమె మూడుసార్లు అడిగింది. జాబితాలో పేరు లేనివారి చేత ఓటు వేయించే అధికారం ప్రిసైడింగ్ అధికారికి ఉండదు.

కాబట్టి మీ వీధి ఓటర్ల జాబితాలో ఏ భాగం కిందికి వస్తుందో చూసి, ఆ జాబితాను ఇంటింటికీ తీసుకెళ్లి పేర్లు చదివి వినిపించండి. ఇల్లు మారినవారు, పేరులో తప్పులున్నవారు ఫారం 8 ఇవ్వాలి. తెలియక, కొత్తగా పేరు చేర్చుకునేందుకు వాడే ఫారం 6 మళ్లీ పెడితే ఒకే మనిషి రెండుచోట్ల నమోదవుతాడు. కొత్తగా 18 నిండేవారికి జనవరి 1 ఒక్కటే కాక ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే. వసతిగృహాల్లో ఉండే విశ్వవిద్యాలయ విద్యార్థులు సొంతూరిలోనైనా తిరుపతిలోనైనా, ఏదో ఒక్కచోటే నమోదు కావచ్చు. నామినేషన్ల గడువు ముగిశాక చేర్పులుండవు. మీరు ఫారాలు పోగుచేసి గంపగుత్తగా ఇవ్వవద్దు, ఎవరి దరఖాస్తు వారి చేతనే వేయించండి. ఆధార్ నకళ్లు మీ దగ్గర ఉంచుకోవద్దు.

ఆటోల విషయానికి వస్తే, అభ్యర్థి గానీ ఏజెంటు గానీ, వారి సమ్మతితో మరొకరు గానీ ఓటర్లను ఉచితంగా తరలించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. మీకు పార్టీ లేకపోయినా, వీధిలో అనుమానం రావడానికి ఒక్క ఆటో చాలు. అదే అనుమానానికి తావివ్వకుండా బల్ల ఆలోచన కూడా మానుకోండి. ఇంకొక మాట: చొక్కాల మీద "వాలంటీరు" అని రాయించుకోవద్దు, 2024 మార్చిలో ఎన్నికల సంఘం ప్రభుత్వం నియమించిన గ్రామ, వార్డు వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమన్నాక, మన రాష్ట్రంలో ఆ మాటకు వేరే అర్థాలు చుట్టుకున్నాయి.

ప్రశ్న (మరొక సభ్యురాలు, చంద్రగిరి): సార్, మా నాన్నగారికి చూపు లేదు. మా వీధిలో అలాంటివారు ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురికీ నేనే తోడు వెళ్లవచ్చా?

జవాబు: కుదరదమ్మా. 18 ఏళ్లు నిండిన తోడుమనిషిని లోపలికి అనుమతిస్తారు గానీ, ఒక రోజున ఒకరు ఒక్క ఓటరుకే తోడు వెళ్లాలి. ఓటు రహస్యం కాపాడతానని రాసి కూడా ఇవ్వాలి. 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం ఆపైన వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దనే ఓటు వేసే వీలుంది. అందుకు ఫారం 12డీని నోటిఫికేషన్ వెలువడిన 5 రోజుల్లోగా ఇవ్వాలి. అలా ఎంచుకున్నాక మళ్లీ బూత్‌లో వేయడానికి వీలుండదు.

ప్రశ్న (కొర్లగుంట): బల్ల మానుకున్నాం సార్. నిన్న జాబితా తీసుకుని తిరిగితే మూడిళ్లకు తాళాలున్నాయి. వాళ్ల పేర్లు తీసేయమని మేమే ఫారం 7 పెట్టమంటారా?

జవాబు: ఆ నియోజకవర్గ ఓటరుగా మీరు పెట్టవచ్చు. కానీ తాళం కనబడినంత మాత్రాన మనిషి వెళ్లిపోయినట్టు కాదు. బెంగళూరులో పనికి వెళ్లి నెలకోసారి వచ్చేవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో మీకు తెలిసిందే. తప్పని తెలిసి చేసిన ప్రకటనకు ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ మూడిళ్ల నంబర్లు మీ బూత్ స్థాయి అధికారికి రాసిచ్చి, ఇరుగుపొరుగును అడిగి వాళ్ల ఫోన్ నంబర్లు సంపాదించండి.