రష్యన్ కథకుడు చెహోవ్ ఉత్తరాల్లో ఏవి చదివితే కథ దిద్దుకోవచ్చు?

వైట్‌ఫీల్డ్ కథకుడు:
అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కథ, పన్నెండు పేజీలు. ఊళ్ళో కొడుకు పోయాడని ఫోనొచ్చినా ఆ రాత్రి గేటు దగ్గరే ఉండాల్సొస్తుంది. చదివినవాళ్ళంతా "బరువుగా ఉంది, కదిలించలేదు" అన్నారు. చెహోవ్ ఉత్తరాలు చదవమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

బసవనగుడి ఎర్రపెన్ను:
ముందు 1899 సెప్టెంబరులో గోర్కీకి రాసింది. "మనిషి గడ్డిమీద కూర్చున్నాడు" అంటే చప్పున బుర్రకెక్కుతుందంటాడు. దానికి ఎర్రగడ్డం, ఇరుకు ఛాతీ, జనం తొక్కిన పచ్చగడ్డి, బెదురుచూపులు తగిలించి ఎలా చెడుతుందో చూపిస్తాడు. (ఆ వెక్కిరింపు వాక్యంలో మనిషి పొడుగూ, మధ్యరకం ఎత్తూ కూడా!)

తెలుగులో ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. విశేషణాలన్నీ నామానికి ముందు, క్రియేమో వాక్యం చివర. పాఠకుడు అరడజను మాటలు మోసుకుంటూ క్రియ కోసం కాచుకోవాలి. ఒక్క పేజీ ప్రింటు తీసి "-మైన", "-గా" ఉన్న మాటలకి గీత గీయండి. తీసేసినా అర్థం మారనివి కొట్టెయ్యండి. మారితే ఉంచండి. అన్నీ పీకేస్తే టెలిగ్రామవుతుంది.

జయనగర్ నాలుగో బ్లాక్:
1886 మేలో అన్న అలెగ్జాండర్‌కి రాసింది వదలొద్దు. వెన్నెల రాత్రి చూపించాలంటే మిల్లు గట్టుమీద పగిలిన సీసా పెంకు మెరుపు, కుక్కదో తోడేలుదో నల్లటి నీడ చాలన్నాడు. మనవాళ్ళు "పిండారబోసినట్టున్న వెన్నెల" దగ్గరే ఆగిపోతారు. మీ కథలో టాంకర్ పైపు కారిన చోట నీళ్ళున్నాయి కదా, చంద్రుణ్ణి అందులో పడెయ్యండి.

వైట్‌ఫీల్డ్ కథకుడు:
బాగుందండీ. మరి ఏడుపు? మూడుచోట్ల ఏడుస్తాడు.

బసవనగుడి ఎర్రపెన్ను:
అసలు రోగం అదే. 1892లో రచయిత్రి అవిలోవాకి రాసిన ఉత్తరం చూడండి: దుఃఖంలో ఉన్నవాళ్ళ గురించి రాసేటప్పుడు నువ్వు కరిగిపోకుండా నిర్లిప్తంగా ఉండు, అప్పుడే వాళ్ళ దుఃఖానికి వెనక ఒక తెర ఏర్పడి అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది అంటాడు. కొడుకు పోయిన గుర్రబ్బండివాడి మీద 1886లో తనే రాసిన కథలో ఎక్కినవాళ్ళెవరూ అతని మాట వినిపించుకోరు, చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు.

మూడు ఏడుపులూ తీసెయ్యండి. డెలివరీ బండి నంబరు గేటు పుస్తకంలో రాస్తూ ఒక అంకె తప్పు పడనివ్వండి, కొట్టేసి మళ్ళీ రాస్తాడు. అక్కడ "వణికే చేతులతో" అని మాత్రం పెట్టకండి.